చేపలకు సున్నా నీళ్ళు

“ఆ గాజుపెట్టె పగిలిందంటే మన ముగ్గురం ఈ హాల్లోనే మునిగి చస్తాం. జగ్గయ్యపేటలో సముద్రం నీళ్ళలో కొట్టుకుపోయిన మొదటి కుటుంబం మనదే అవుద్ది. పేపర్లో ఫొటో కూడా వేస్తారు.”

నేనీ మాట అనే సమయానికి పెట్టెలో చుక్క నీరు లేదు. అప్పుడే ఆటోలోంచి దింపి, టీవీ బల్ల ఉండే చోట ఇనప స్టాండు మీద నిలబెట్టారు. టీవీ వంటింటి గుమ్మం పక్కకు వలస పోయింది.

“ఏ ఫొటో ఇస్తావు?” అన్నాడు మా ఆయన బాలస్వామి, పేపరు దించకుండానే. “ఆధార్ కార్డుది మాత్రం ఇవ్వమాక ఆరోగ్యమ్మా. చదివేవాళ్ళు జడుసుకుంటారు.”

ఆయన ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్ళుగా జనం తిట్టినా, తొక్కినా, చిల్లర కోసం చొక్కా పట్టుకున్నా చలించకుండా నిలబడిన మనిషి. ఇంట్లో నేను మాట్లాడుతుంటే అది ఆయనకు ఇంజను చప్పుడుతో సమానం.

“పన్నెండు మిల్లీమీటర్ల గాజమ్మా, పగలదు” అన్నాడు మా అబ్బాయి వెస్లీ, టేపుతో కొలతలు తీసుకుంటూ.

“పగలదని చెప్పే అమ్ముతారు నాన్నా. పగులుద్దని చెప్పి అమ్మినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.”

వాడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పొద్దు వాడు నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడటమే గొప్ప సంగతి కాబట్టి నేనూ రెట్టించలేదు.

వెస్లీకి ఇరవై మూడేళ్ళు. చేపల పెంపకంలో డిప్లొమా చదివి, సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో చేరాడు. ఏడాదిన్నర పని చేశాడు. ఆ ఏడాదిన్నరా నేను తుఫాను వార్తలు చూస్తూ గడిపాను. తుఫాను రాలేదు. వేరేది వచ్చింది. ఒక పొద్దున ఒక తొట్టిలో పిల్లలన్నీ, లక్షల్లో ఉంటాయట, అడుక్కి చేరి తెల్లగా పడి ఉన్నాయి. ఆ తొట్టికి నీళ్ళు సిద్ధం చేసింది మా వాడు. మేనేజరు అందరి ముందూ “నీ హస్తవాసి మంచిది కాదురా” అన్నాడట. అంతే, విచారణ ముగిసింది. హస్తవాసి మీదికి నెట్టేశాక ఇంక పైపులు విప్పి చూసేదెవరు?

జూన్‌లో బ్యాగుతో బస్సు దిగాడు. రెండు నెలలు “ఊ” తప్ప మాట లేదు. అన్నం తిన్నావా అంటే ఊ, తినలేదా అన్నా ఊ. ఆ రెండు నెలల్లో నేను వాడి గది తలుపు గడియ ఊడదీయించి, చెద పట్టింది అని చెప్పాను. ఇనప గడియకి చెద ఎట్లా పట్టిందని వాడు అడగనందుకు ఇంకా భయమేసింది.

ఆగస్టులో ఒకరోజు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అన్నాడు. వంటింట్లోంచి నేను వింటూనే ఉన్నాను.

“ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకు ఒకటి పెడతా నాన్నా. చిన్నదే. క్రిస్మస్ దాకా అందులో ప్రాణమున్నవి నా చేతిలో చావకపోతే మళ్ళీ హేచరీ పనికి వెళ్తా. చచ్చాయనుకో, ఇంక నీళ్ళ జోలికి పోను. నా చెయ్యి అంతే అనుకుంటా.”

“సరే” అన్నాడు మా ఆయన. టిక్కెట్టు చింపి ఇచ్చినంత తేలిగ్గా.

లోకంలో బతికించడం సులువైనవి ఎన్ని లేవు! కోడిపిల్ల ఉంది, మనీప్లాంటు ఉంది. సముద్రానికి వంద కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న ఊళ్ళో, మా వాడు తన తలరాత తేల్చమని ఏరికోరి సముద్రపు చేపను పిలిచాడు.

నీళ్ళ దగ్గర మొదలైంది అసలు కథ.

“ఉప్పునీళ్ళేగా, బోరు నీళ్ళలో ఇంత కల్లుప్పు వేసి తిప్పు” అన్నాడు మా ఆయన.

వెస్లీ పెన్నులాంటి మీటరు ఒకటి తీసి బోరు నీళ్ళలో ముంచాడు. నీళ్ళలో కరిగి ఉన్న సరుకంతా లెక్క చెబుతుందట అది. పదకొండు వందల చిల్లర చూపించింది.

“మన నేల కింద సున్నపురాయి నాన్నా. అందుకేగా చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ నీళ్ళు పోస్తే వారంలో పాచి కట్టేసుద్ది, చేప బతకదు.”

“అంటే ఇన్నాళ్ళూ మేం సిమెంటు తాగామా?” అన్నాను.

“అందుకే ఇంకా గట్టిగా నిలబడి ఉన్నాం” అన్నాడు మా ఆయన.

వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చుకునే డబ్బా నీళ్ళు ముంచితే నూట నలభై. అవి మేం తాగే నీళ్ళు, దేవుడి దయవల్ల శుద్ధమైనవని నమ్ముతున్న నీళ్ళు. అవీ పనికిరావట. మరి చేప దొరగారికి ఎంత ఉండాలయ్యా అంటే, సున్నా. సున్నా ఉన్న నీళ్ళు తీసుకుని అందులో సముద్రపు ఉప్పు ప్యాకెట్టు కలపాలట. నన్ను కన్నవాళ్ళు నూతిలోంచి తోడి చీరకొంగుతో వడగట్టి పోసినవి తాగి పెరిగాను నేను. చేపకి మాత్రం సున్నా కావాలి.

ఆ మీటరు నా చేతికి చిక్కిన రెండు రోజులూ ఇంట్లో అన్నీ ముంచాను. మజ్జిగ, గంజి, మా ఆయన టీ. చారులో పెడితే అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఆగిపోయాయి. “ఇట్లాంటివి తాగుతున్నాం మనం, ఏ రోజు ఏ రోగం బయట పడుద్దో” అంటే, “చారులో సున్నా వస్తే అప్పుడు చెప్పు, భయపడతా” అన్నాడు ఆయన.

సున్నా నీళ్ళ మిషను కోసం నందిగామ వెళ్ళాం. అక్కడ ఫిల్టర్ల షాపు నడిపే వరప్రసాదరావు గారు మా ఆయన బస్సులో పాత ప్యాసింజరు. పాత ప్యాసింజరు మోసం చెయ్యడని మా ఆయన నమ్మకం. దారిలో చిల్లకల్లు దాటేదాకా నేను, సిమెంటు లారీ ఒకటి మా బస్సు మీదికి రావడం ఎంత తేలికో కిటికీలోంచి చూపిస్తూనే ఉన్నాను.

షాపు గోడ నిండా తెల్లటి డబ్బాలు, నీలం లైట్లతో, ఆసుపత్రిలో మిషన్లలాగా వేలాడుతున్నాయి.

“ఇంట్లో ఎంతమందండీ?” అన్నాడు వరప్రసాదరావు.

“ముగ్గురం” అన్నాను నేను.

“రెండు చేపలు, ఒక రొయ్య, నాలుగు నత్తలు” అన్నాడు వెస్లీ.

వరప్రసాదరావు మా ముగ్గురినీ వరసగా చూశాడు. అలవాటైన వ్యాపారి, తేరుకున్నాడు. “ఎవరికైతేనేం బాబూ, ప్రాణం ప్రాణమే” అని మొదటి డబ్బా మీద చెయ్యి వేశాడు. అందులో లైటు వెలిగి పురుగుల్ని చంపుతుందట. నీళ్ళలో కరెంటు లైటేమిటండీ, షాకు కొట్టదా అన్నాను. కొట్టదన్నాడు. వాళ్ళెప్పుడూ అదే అంటారు.

“లైటుతో పురుగులు చస్తాయి అంకుల్. కరిగిన ఉప్పులు పోవు” అన్నాడు వెస్లీ.

“అయితే ఇది తీసుకోండి.” అన్నిటికన్నా పెద్ద డబ్బా తట్టాడు. ముందు భాగమంతా రాగి రంగు. “తొమ్మిది స్టేజీలు. చెడ్డవన్నీ తీసేసి, పోయిన మంచివి మళ్ళీ కలుపుద్ది. రాగి, జింకు అన్నీ. అమ్మగారూ, మీ పెద్దవాళ్ళు రాగి చెంబులో తాగేవాళ్ళా లేదా? అదే ఇది.”

నాకు ఆ డబ్బా తెగ నచ్చింది. మా ఇంట్లో అప్పటికే రాగి బిందె ఒకటి ఉంది. చర్చిలో స్త్రీల కూడికలో ఎవరో చెబితే కొన్నాను. రోజూ దానిలో నిలవ ఉంచిన నీళ్ళు తాగుతాను. బీపీ తగ్గలేదు గానీ, నాకింతవరకూ రాని రోగాలన్నీ రాకపోవడం ఆ బిందె చలవేనని నా నమ్మకం.

“రాగి వద్దు అంకుల్” అన్నాడు వెస్లీ. “ట్యాంకుకి రాగి పడదు. నాలుగు బాటిళ్ళ సెట్టు చాలు. మట్టికొకటి, కార్బన్ ఒకటి, ఉప్పుల్ని ఆపే మెంబ్రేన్, ఆఖరున మిగిలింది పీల్చే రెజిన్. డబ్బా కూడా అక్కర్లేదు, గోడకి బిగించుకుంటా. తిరిగి ఏదీ కలపకూడదు. సున్నా రావాలి.”

రాగి పడదన్నాడు. చిన్నప్పుడు కాకరకాయ పడదన్నాడు, పాలు పడవన్నాడు, లెక్కల మాస్టారు పడడన్నాడు. అన్నీ పట్టాయి. ఇదీ ఆ లిస్టులోదే అనుకున్నాను. ఎందుకు పడదురా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. లారీల గురించి అంతసేపు అడిగినదాన్ని, ఇది అడగలేదు.

వరప్రసాదరావు మొహం కాస్త వాడింది. పెద్ద డబ్బా పోయి బోడి బాటిళ్ళ బేరమైందాయె. బాటిళ్ళు మూటకడుతూ నా వైపు వంగి, గొంతు తగ్గించాడు.

“బాబు చదువుకున్నోడు, కాదనను. కానీ సున్నా నీళ్ళంటే చచ్చిన నీళ్ళమ్మగారూ. అవి బ్యాటరీల్లో పోసుకోడానికి. తాగినోడి ఒంట్లోంచి సత్తువంతా లాగేస్తాయి. ఎముకలు గుల్లబారిపోతాయి.”

చేపకి ఉన్నవే ముళ్ళు. అవి గుల్లబారితే ఇంక మిగిలేదేమిటి? తిరుగు ప్రయాణంలో నేను లారీలను చూడలేదు. ఒళ్ళో ఉన్న ఆ బాటిళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

మిషను పెరట్లో గోడకి ఎక్కింది. నాలుగు గొట్టాలు, అటూ ఇటూ పైపులు. ఒక పైపులోంచి చేపల నీళ్ళు పడతాయి, సన్నగా, చుక్క చుక్కగా, ఇష్టం లేనట్టు. ఇంకో పైపులోంచి చేపలకు వద్దన్న నీళ్ళు ధారగా పోతాయి. ఒక బిందె మంచివి రావాలంటే మూడు బిందెలు పారబొయ్యాలి. పారబోస్తే నేనూరుకుంటానా? వాటితో అంట్లు తోమాను, బట్టలు ఉతికాను. చేపలు కాదన్న నీళ్ళలో మా ఆయన ఖాకీ చొక్కాలు కంచి పట్టులా నిలబడ్డాయి, సున్నంతో బిగిసిపోయి.

నెల రోజులు పెట్టెలో రాళ్ళూ ఉప్పునీళ్ళూ తప్ప ఏమీ లేవు. కంటికి కనపడని మంచి పురుగులు పుట్టి నీళ్ళు పండాలట. పండని నీళ్ళ ముందు నెల రోజులు ముగ్గురం కూర్చున్నాం. అక్టోబరు మొదట్లో విజయవాడ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో ప్రాణాలు దిగాయి. నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు, ఎర్ర వీపు రొయ్య ఒకటి, అద్దానికంటుకుని పాచి తినే నత్తలు నాలుగు. ఆ సాయంత్రం రొయ్య మా వాడి వేలి మీదికెక్కి గోరు శుభ్రం చేస్తుంటే వాడు నవ్వాడు. “అమ్మా, చూడు చూడు” అన్నాడు. జూన్ తర్వాత వాడు నన్ను పిలిచి ఏదైనా చూపించడం అదే మొదటిసారి.

ఆ నవ్వు చూశాక నా భయం రెట్టింపైంది. పోగొట్టుకోవడానికి ఇప్పుడొకటి ఉంది కదా.

వారం వారం కొంత నీరు మార్చాలి. శనివారం మిషను నుంచి రెండు డబ్బాల సున్నా నీళ్ళు పట్టి, మీటరు ముంచి, సున్నా చూసి, మూత పెట్టి యూత్ మీటింగుకి వెళ్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఉప్పు కలిపి పోస్తాడు. మధ్యలో ఆ డబ్బాలు నా వంటింట్లో ఉంటాయి. చచ్చిన నీళ్ళు, రెండు డబ్బాలు, నా బియ్యం డ్రమ్ము పక్కన.

మొదటి శనివారమే రాగి బిందెను చింతపండుతో తళతళా తోమాను. ఒక డబ్బా అందులోకి వంచాను. మా వాడి చేపలు, రొయ్య, నత్తలు, ఒక్కొక్కదాన్నీ తలుచుకుని ప్రార్థన చేశాను. ఆదివారం తెల్లారగట్ల మళ్ళీ డబ్బాలోకి నింపి మూత పెట్టాను. నీళ్ళకి కాస్త ప్రాణం వచ్చినట్టే కనిపించింది. చెబితే వాడు వద్దంటాడు. తల్లి చేసే మంచి పనులన్నీ చెప్పే చేస్తుందా?

మూడు వారాలు ఇట్లాగే గడిచాయి. నాలుగో వారంలో ఒక నత్త అద్దం మీదినుంచి జారి వెల్లకిలా పడింది. మర్నాడు ఇంకొకటి.

వెస్లీ చిన్న చిన్న సీసాల్లో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగులు చూశాడు. పుస్తకంలో రాసుకున్నాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ చూశాడు.

“ఏమైందిరా?” అన్నాడు మా ఆయన.

“అన్నీ బాగానే ఉన్నాయి నాన్నా.” సీసా మూత బిగిస్తూ మళ్ళీ అన్నాడు. “హేచరీలోనూ అంతే. అన్నీ బాగానే ఉన్నాయి.”

ఆ మాటకి మా ఆయన పేపరు దించాడు.  వరప్రసాదరావు చెప్పినట్టే అవుతోందనుకున్నాను. సున్నా నీళ్ళు సత్తువ లాగేస్తున్నాయి, నేను పోసే ఒక డబ్బా ప్రాణం చాలడం లేదు. ఆ శనివారం రెండో డబ్బా కూడా బిందెలో పోసి ఉంచాను. ఆదివారం వాడు అవి పోశాడు.

మంగళవారానికి నత్తలన్నీ పోయాయి. బుధవారం పొద్దున రొయ్య రాళ్ళ మధ్య పక్కకి ఒరిగి ఉంది. చేపలు రెండూ ఒక మూలకి చేరి, కింద ఆనుకుని, మొప్పలు ఎగరేస్తున్నాయి.

వాడు రొయ్యను చెంచాతో తీసి ఆకులో పెట్టాడు. ఏడవలేదు. ఫోన్ తీసి ఎవరితోనో అన్నాడు: “అన్నా, ఆ లోడింగు పనికి సోమవారం నుంచి వస్తా.” సిమెంటు బస్తాలు లారీలకెత్తే పని. తర్వాత వాళ్ళ నాన్నతో, “చేపల్ని సాయంత్రం విజయవాడ షాపులో ఇచ్చేసి వస్తా. నా దగ్గరుంటే ఇవీ పోతాయి” అన్నాడు.

సంచులు కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళాడు. వాడి పుస్తకం పెట్టె మీద తెరిచే ఉంది. నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే, అయినా వాడి తెలుగు చదవగలను. గళ్ళు కొట్టి రాశాడు. తారీఖు, ఉప్పు, వేడి, ఇంకా ఏవేవో అంకెలు. ఆఖరి గడి పైన ‘కారణం’ అని ఉంది. నాలుగు నత్తలకీ రొయ్యకీ కలిపి, కింద ఒకే మాట రాసి ఉంది: నా చెయ్యి.

పాలు పోసే సాంబయ్య అప్పుడే గేటు దగ్గర హారన్ కొట్టాడు. వత్సవాయి వైపు పొలం చేసుకుంటూ రెండు గేదెల పాలు తెచ్చి పోస్తాడు. గిన్నె తీసుకుని వెళ్ళాను గానీ నా మొహం చూసి అతనికే తెలిసింది.

“ఏందక్కా, అట్టున్నావు?”

“మా వాడి పెట్టెలో నత్తలన్నీ చచ్చిపోయాయి సాంబయ్యా. రొయ్య కూడా. ఎందుకో తెలీట్లా.”

అతను పాలు కొలుస్తూ పెద్దగా నవ్వాడు. “మీకు నత్తలు చస్తన్నయ్యని బాధ. మాకు నారుమళ్ళో చావట్లేదని బాధ. మైలుతుత్తం కొడితే గానీ పోవు మాకు. కొట్టిన మర్నాటికి ఇంక చూస్కో, వెల్లకిలా పడుంటయ్.”

“వెల్లకిలానా?”

“ఆఁ. రొయ్యలోళ్ళైతే దాని జోలికే రారు. అది తగిలితే రొయ్య ఉంటదా?”

“అంత విషమా? దేంతో చేస్తారు దాన్ని?”

“రాగేగా అక్కా. చూళ్ళా నీలంగా ఉంటది. బిందె తోమకపోతే చిలుము పట్టుద్దే, దాని జాతే.”

అతను వెళ్ళాక కూడా నేను గేటు దగ్గరే ఉన్నాను. 

నా జీవితంలో నేను ఊహించని ప్రమాదం లేదు. గాజు పగలడం, కరెంటు, లారీ, తుఫాను, చారు. ఇన్నిట్లో ఒక్కదాన్ని కూడా వదలకుండా కాపలా కాశాను. కాపలా కాస్తున్నదాని మీద మాత్రం ఎవరూ కాపలా లేరు.

నిజం ఒప్పుకుంటాను. ముందు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వాడు లోడింగు పనికి పోతాడు, సాయంత్రానికి ఇంటికొస్తాడు. సముద్రం ఉండదు, తుఫాను వార్తలుండవు, ఇంకో మేనేజరు ఉండడు. వాడు ఈ ఊళ్ళోనే, నా కళ్ళ ముందే ఉంటాడు. నేను కోరుకున్నది ఇంతకన్నా ఏముంది? బిందెను అటక మీదికి ఎక్కించాలని వంటింట్లోకి వెళ్ళాను కూడా.

అటక కింద స్టూలు వేశాను. ఎక్కాను. నా కళ్ళ ముందు అటకకు బదులు ఆ గడి కనిపించింది. నా చెయ్యి. వాడు చచ్చేదాకా ఆ చేత్తోనే అన్నం తినాలి. రేపు పెళ్ళైతే, బిడ్డ పుడితే, ఆ చేత్తోనే ఎత్తుకోవాలి, ఎత్తుకున్నప్పుడల్లా భయపడుతూ. నాలాగా.

స్టూలు దిగాను.

వెస్లీ తిరిగొచ్చి పెట్టె ముందు కూర్చుని ప్లాస్టిక్ సంచులు విప్పుతున్నాడు. మా ఆయన డ్యూటీకి వెళ్ళడానికి ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను బిందె తెచ్చి హాలు మధ్యలో దించాను. కాస్త గట్టిగానే దించాను, ఖంగుమంది.

“ఇందులో పోసాన్రా వెస్లీ” అన్నాను.

“ఏంటమ్మా?”

“నీ నీళ్ళు. శనివారం నువ్వు పట్టిపెట్టినవి. ఇందులో పోసి ఉంచి, తెల్లారి మళ్ళీ డబ్బాలో పోసేదాన్ని. మొదట్నుంచీ. ఒక డబ్బా. మొన్న ఆదివారానికైతే రెండూ. సున్నా నీళ్ళలో ప్రాణం ఉండదని ఆ నందిగామ మహానుభావుడు చెప్పాడు. వాటికి ప్రాణం పొయ్యాలని పోసా. నువ్వు పడదన్నావు, నేను వినలా. నత్తల్ని చంపింది నేను. రొయ్యని చంపింది నేను. నీ చెయ్యి కాదురా.”

మా ఆయన మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు.

వెస్లీ బిందె వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

“తిట్టు” అన్నాను. “మీ నాన్న ఎట్లాగూ తిట్టడు, నువ్వన్నా తిట్టు. ప్రార్థన చేసి మరీ పోసాన్రా, అదింకా ఘోరం. ఆ పుస్తకంలో నీ చెయ్యి అని రాసావు. కొట్టెయ్యి. మా అమ్మ ఆరోగ్యమ్మ అని రాయి. ఆ లోడింగు పనికి పోమాక. పోతే పో, కానీ నీ చెయ్యి మంచిది కాదని మాత్రం పోమాక. ఆ హేచరీలో కూడా నాలాంటిది ఎవత్తో, నాలాంటివాడు ఎవడో, ఏదో కలిపే ఉంటాడు. ఎవరూ వచ్చి చెప్పుండరు, అంతే.”

వాడు లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టాడు. లోపల మోటారు గుర్రుమంటోంది. చేపలు రెండూ మూలనే ఉన్నాయి.

“చేపలకి ఇంకా ఆశ ఏమన్నా మిగిలిందా? ఇప్పుడేం చెయ్యాలో చెప్పు నాన్నా, చేస్తా. నందిగామ పొమ్మన్నా పోతా, విజయవాడ పొమ్మన్నా పోతా. ఏం చెయ్యాలి?”

 మా ఆయన ఏదో అనబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పేశాను, ఇంక నా దగ్గర మాటల్లేవు. ఇంతకాలంలో నేను నోరు మూసుకుని నిలబడటం ఆ ఇంటి గోడలకు కూడా కొత్తే. బయట గ్యాస్ బండి పాట పెట్టుకుని వచ్చింది, రెండిళ్ళ ముందు ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది. మా ఆయన డ్యూటీ టైము దాటుతోంది. ఆయన గడియారం చూడలేదు.

వెస్లీ ఆ పెన్ను మీటరు తీశాడు. బిందె అడుగున మొన్నటి సున్నా నీళ్ళు కాసిని మిగిలి ఉంటే వాటిలో ముంచాడు. చూశాడు. విదిలించి మళ్ళీ ముంచాడు, మళ్ళీ చూశాడు. సున్నా రాలేదు. తర్వాత ఆ మీటరును చేతిలోనే పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. వాడి భుజాలు మెల్లగా కిందికి దిగడం చూశాను. జూన్‌లో బస్సు దిగినప్పటినుంచీ అవి పైకి బిగుసుకునే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

పుస్తకం ముట్టుకోలేదు. ప్లాస్టిక్ సంచులు ఉండ చుట్టి పక్కకి విసిరేశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

“సగం నీళ్ళు తీసేయాలి” అన్నాడు చివరికి, నా వైపు తిరిగి. “రాగిని పీల్చడానికి కార్బన్ కొత్తది వెయ్యాలి. పొద్దుగూకేదాకా పని. రెండు బకెట్లు పట్రా అమ్మా. ప్లాస్టిక్‌వి.”